చెరువు నిండినది, నీరెంత ఉన్నది?

వానలు వెనుకబట్టి రబీ పనులు మొదలగు రోజులలో ప్రతి ఆయకట్టులోను ఒకే ప్రశ్న వినవచ్చుచుండును: "ఈ యేడు నీరు చాలునా?" సాగరు కాలువ కింది రైతు జలాశయము మట్టము ఎన్ని అడుగులున్నదో పత్రికలో చూచుకొనును. చెరువు కింది రైతు కట్ట మీదికి పోయి నీరు ఎంత దూరము పరచుకొని ఉన్నదో చూచి వచ్చును. ఒకరు మట్టమును చూచిరి, మరొకరు వెడల్పును చూచిరి. పైరు తాగునది మాత్రము నీటి పరిమాణమును. మట్టము, వెడల్పు, పరిమాణము అను ఈ మూడింటికి గల సంబంధము తెలియక సగము చెరువును చూచి నిండుగా నాట్లు వేసి, వెన్ను తీయు వేళకు పొలము నెర్రెలు విచ్చగా నష్టపోవు గ్రామాలు ప్రతి యేటా కొన్ని ఉండుచున్నవి.

అందుచేత తెలుగు నాట గల పెద్ద చెరువులను, సరస్సులను, జలాశయాలను నీటి పరిమాణమును బట్టి పోల్చి చూచి, ఆ లెక్కను మీ ఊరి చెరువుకు ఎట్లు వర్తింపజేసుకొనవలెనో ఈ వ్యాసములో వివరించుచున్నాము. కూడికలు, గుణకారములు వచ్చిన వారెవరైనను ఈ లెక్కను చేయగలరు.

నీటి కొలతలు

పెద్ద జలాశయాల నీటిని వంద కోట్ల ఘనపుటడుగుల లెక్కన కొలుతురు. దీనినే టి.ఎం.సి. అందురు. ఇంత పెద్ద సంఖ్య మనస్సుకు అందదు గనుక దీనిని ఎకరాలలోనికి మార్చుకొనుట మేలు. ఒక ఎకరము నేలపై ఒక అడుగు లోతున నిలిచిన నీటిని "ఎకరపు అడుగు" అందురు. ఇది 43,560 ఘనపుటడుగులు. ఒక టి.ఎం.సి. నీరు సుమారు 22,950 ఎకరపు అడుగులకు సమానము. అనగా సుమారు 23 వేల ఎకరాలపై అడుగు లోతున నిలుచు నీరన్నమాట.

వరి పైరుకు నాటినది మొదలు కోత వరకు మడిలో సుమారు 4 అడుగుల నీరు కావలెను. ఈ లెక్కన ఒక టి.ఎం.సి. నీరు, దారిలో ఏమాత్రము పోకుండ మడికి చేరినచో, సుమారు 5,700 ఎకరాల వరికి సరిపోవును. వేరుశనగ, మొక్కజొన్న వంటి ఆరుతడి పైర్లకు 2 అడుగులు చాలును గనుక అదే నీటితో 11,000 ఎకరాలకు పైగా పండించవచ్చును.

పారుచున్న నీటిని క్యూసెక్కులలో కొలుతురు. సెకనుకు ఒక ఘనపుటడుగు పారినచో అది ఒక క్యూసెక్కు. ఒక క్యూసెక్కు నీరు రాత్రింబవళ్ళు 24 గంటలు పారినచో సుమారు 2 ఎకరపు అడుగులగును. నదిలో ఒక లక్ష క్యూసెక్కుల వరద వచ్చుచున్నదని వినినప్పుడు, రోజుకు 8.64 టి.ఎం.సి. చేరుచున్నదని లెక్క కట్టుకొనవచ్చును.

వెడల్పు ఒకటే, నీరు వేరు

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ గల కొల్లేరు మన మంచినీటి సరస్సులలో పెద్దది. 1999లో పక్షుల అభయారణ్యముగా ప్రకటించబడిన దాని విస్తీర్ణము, ఐదవ కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు. నాగార్జునసాగరు నిండినప్పుడు నీరు పరచుకొను విస్తీర్ణము సుమారు 285 చదరపు కిలోమీటర్లు. పటములో చూచిన వారు రెండును ఒకే అంతటివని, కొల్లేరే కొంత పెద్దదని అనుకొందురు.

ఇప్పుడు నీటిని లెక్కింతము. కొల్లేరు పళ్ళెము వంటిది. సగటున ఒక మీటరు, అనగా సుమారు మూడుంబావు అడుగుల లోతున్నదనుకొన్నచో, ఐదవ కాంటూరు వరకు దానిలో నిలుచు నీరు సుమారు 11 టి.ఎం.సి. మాత్రమే. నల్లమల కొండల నడుమ కట్టిన సాగరు లోతైన గంగాళము వంటిది. 590 అడుగుల పూర్తి మట్టము వద్ద దాని నిల్వ నేటి లెక్క ప్రకారము 312 టి.ఎం.సి. ఇంచుమించు అదే విస్తీర్ణములో సాగరు కొల్లేరుకంటె 28 రెట్లు నీటిని పట్టుకొని ఉన్నది. సాగరు సగటు లోతు నూరు అడుగులకు పైబడి ఉండుటయే దీనికి కారణము.

శ్రీశైలము జలాశయమును చూడుడు. నిండినప్పుడు అది సుమారు 615 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొనును. సాగరుకు రెండింతల కంటె ఎక్కువ. అయినను 885 అడుగుల పూర్తి మట్టము వద్ద నేటి నిల్వ సుమారు 215.8 టి.ఎం.సి. మాత్రమే. సగటు లోతు 33 అడుగులకు మించదు. వెడల్పును బట్టి వరుస వేసినచో శ్రీశైలము, కొల్లేరు, సాగరు అని చెప్పవలెను. నీటిని బట్టి వేసినచో సాగరు, శ్రీశైలము, చివరగా కొల్లేరు వచ్చును.

లోతు వలన మరియొక లాభము కూడ కలదు. మన ప్రాంతములో ఎండకు, గాలికి ఏడాదిలో సుమారు 5 నుండి 6 అడుగుల నీరు ఆవిరియగును. ఆవిరి నీటి పై భాగము నుండియే పోవును గనుక వెడల్పు ఎంత ఉన్న నష్టము అంత. ఏడాదికి 5 అడుగుల చొప్పున సాగరు నుండి పోవునది సుమారు 15 టి.ఎం.సి. 312లో ఇది ఇరువదవ వంతు. కొల్లేరులోను ఆవిరి 5 అడుగులే. సగటు లోతే అంతకు తక్కువ గనుక, బుడమేరు, తమ్మిలేరు మొదలగు యేరుల నీరు, కాలువల నీరు చేరకున్నచో సరస్సు ఒక్క యేడులోనే ఎండిపోవును. లోతు లేని చెరువులు తూము తెరవకున్నను మార్చి నాటికి బురద తేలుటకు ముఖ్య కారణములలో ఇది యొకటి.

నెల్లూరు సీమకు తూర్పున గల పులికాటు ఇంకను విశాలమైనది. కాని అది సముద్రపు పోటు నీరు కలియు ఉప్పునీటి సరస్సు. దాని నీరు చేపలకు, పక్షులకు తగినది గాని పైరుకు పనికిరాదు. నీటిని పోల్చునప్పుడు పరిమాణముతో పాటు గుణమును కూడ చూడవలెనని ఇది మనకు గుర్తుచేయును.

నిల్వ అంతయు వాడుకకు రాదు

జలాశయము నిల్వను రెండు భాగములుగా తెలిసికొనవలెను. కాలువ తూముల మట్టమునకు పైన గల నీరు వాడుకకు వచ్చును. దానికి దిగువ గల నీరు కాలువలలోనికి ఎక్కదు. సాగరులో కాలువలకు నీరు సక్రమముగా ఇచ్చుటకు కనీసపు మట్టముగా 510 అడుగులు నిర్ణయింపబడినది. ఆ మట్టము వద్ద కూడ జలాశయములో సుమారు 131 టి.ఎం.సి. నీరుండును. అంటే 312లో కాలువల కింది పైర్లకు లెక్కకు వచ్చునది సుమారు 180 టి.ఎం.సి. మాత్రమే.

రెండవ సంగతి, జలాశయములో నీరు పై అడుగులలోనే ఎక్కువగా ఉండును. శ్రీశైలములో 885 అడుగుల వద్ద 215.8 టి.ఎం.సి. ఉండగా, 31 అడుగులు తగ్గి 854కు వచ్చునప్పటికి సుమారు 89 టి.ఎం.సి. మాత్రమే మిగులును. వందల అడుగుల లోతు గల జలాశయములో పైనున్న 31 అడుగులలోనే సగముకంటె ఎక్కువ నీరున్నది. మొదట నీరు నెమ్మదిగా తగ్గినట్లు కన్పించి, పిమ్మట రోజురోజుకు మట్టము వేగముగా పడిపోవుటకు ఇదియే కారణము. అప్పుడు ఎవరో నీటిని దొంగిలించినారని అనుకొనుట కలదు. పాత్ర అడుగున ఇరుకైనది గనుక అదే నీరు తీసినను మట్టము ఎక్కువ పడును.

పూడిక తినివేసిన నీరు

జలాశయము కట్టిన నాటి నిల్వ నేడుండదు. వరద నీటితో వచ్చిన ఒండ్రు, ఇసుక యేటేటా అడుగున పేరుకొని నీటి చోటును ఆక్రమించుచున్నవి. కొన్ని ముఖ్య జలాశయాల మొదటి నిల్వను, ఇటీవలి సర్వేలు తేల్చిన నిల్వను దిగువ ఇచ్చుచున్నాము. అంకెలు టి.ఎం.సి.లలో.

నాగార్జునసాగరు (కృష్ణ): మొదట 408, నేడు 312
శ్రీశైలము (కృష్ణ): మొదట 308, నేడు 215.8
తుంగభద్ర (హోస్పేట వద్ద): మొదట 132.5, నేడు 105.8
శ్రీరాంసాగరు (గోదావరి, పోచంపాడు వద్ద): మొదట 112, నేడు 80.5

ఈ నాలుగింటిలో తగ్గిన నిల్వను కూడినచో సుమారు 246 టి.ఎం.సి. అగును. నేటి శ్రీశైలము నిండుగా పట్టు నీటికంటె ఇది ఎక్కువ. ఒక మహా జలాశయమునే మనము మట్టి కింద పోగొట్టుకొన్నామన్నమాట.

తగ్గినదంతయు పూడికయేనని మాత్రము అనరాదు. కొలుచు పద్ధతి మారినప్పుడు కూడ అంకె కొంత మారును. తుంగభద్రను 2008లో కొలిచినప్పుడు సుమారు 100.9 టి.ఎం.సి. అని, 2016లో కొలిచినప్పుడు 105.8 అని తేలినది. ఆ ఎనిమిదేండ్లలో ఒండ్రు లేచిపోలేదు, కొలత మెరుగుపడినది. అయినను ఏ లెక్క తీసికొన్నను 1953లో పూర్తియైన ఆ జలాశయము సుమారు అయిదవ వంతు నిల్వను కోల్పోయినది.

మంజీరాపై 1931లో పూర్తియైన నిజాంసాగరు కథ ఇంకను గుణపాఠమైనది. కట్టిన నాడు దాని నిల్వ సుమారు 29.7 టి.ఎం.సి. పూడిక వలన అది సగమునకు దిగువకు పడిపోయినది. పిమ్మట గేట్ల ఎత్తు పెంచి పూర్తి మట్టమును 1405 అడుగులకు తెచ్చినను నేటి నిల్వ 17.8 టి.ఎం.సి. మాత్రమే. పోయిన చోటును తిరిగి సంపాదించుట ఎంత కష్టమో దీనివలన తెలియుచున్నది.

చిన్న నిల్వ, పెద్ద ఆయకట్టు

నిల్వ ఎక్కువైనచో ఆయకట్టు ఎక్కువ, నిల్వ తక్కువైనచో ఆయకట్టు తక్కువ అని ఎల్లప్పుడు చెప్పరాదు. విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజి పట్టు నీరు సుమారు 3 టి.ఎం.సి. మాత్రమే. దాని కింద కృష్ణా డెల్టాలో సుమారు 13 లక్షల ఎకరాలు సాగగుచున్నవి. బచావత్ ట్రిబ్యునలు కృష్ణా డెల్టాకు కేటాయించినది 181.2 టి.ఎం.సి. అనగా ఏడాదిలో ఈ బ్యారేజి సుమారు 59 మార్లు నిండి, 59 మార్లు కాలువలలోనికి ఖాళీ కావలెను. ధవళేశ్వరము బ్యారేజి కూడ అట్టిదే. 3 టి.ఎం.సి.కి లోపు నిల్వతో గోదావరి డెల్టాలో సుమారు 10 లక్షల ఎకరాలకు నీరందించుచున్నది. ఇవి గాదెలు కావు, పారు నీటిని ఎత్తి కాలువలకు మళ్ళించు గడపలు. నది పారినంత కాలమే వీటి బలము. ఎగువ నుండి నీరు ఆగినచో కొద్ది రోజులలోనే కాలువలు అడుగంటును.

ఊరి చెరువులలోను ఇదే సూత్రము పని చేయును. వానకాలములో రెండు మూడు మార్లు నిండు చెరువు, ఒక్కమారే నిండు పెద్ద చెరువుకంటె ఎక్కువ పొలము పండించవచ్చును. కాకతీయుల నాటి రామప్ప, లక్నవరము చెరువులు ఒక్కొక్కటి సుమారు 2 నుండి 3 టి.ఎం.సి. నీరు పట్టును. పెద్ద జలాశయాల పక్కన ఇవి చిన్నవే. తెలంగాణములో 46,531 చెరువులు, కుంటలు ఉన్నట్లు లెక్క తేలినది. కృష్ణా, గోదావరి పరీవాహకములలో ఇట్టి చిన్న నీటి వనరులకు ఆ రాష్ట్రములో కేటాయించినది సుమారు 265 టి.ఎం.సి. ఇది ఒక్కమారు నిల్వ కాదు, ఏడాది పొడుగున వాడుకొనదగిన నీరు. అయినను చెరువులన్నియు కలిసినచో ఒక మహా జలాశయమునకు సాటి వచ్చునని దీనివలన గ్రహింపవచ్చును.

మన పెద్దలు నీటికి, నేలకు గల ఈ పొత్తును బాగుగా ఎరుగుదురు. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువును కట్టించిన విజయనగర రాకుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన శాసనములో మంచి చెరువుకు ఉండవలసిన పండ్రెండు అంగములు, చెరువుకు ఉండరాని ఆరు దోషములు చెప్పబడినవి. నీరు తక్కువై సాగు నేల ఎక్కువగుట ఆ దోషములలో ఒకటి. నీరు ఎక్కువై నేల తక్కువగుట మరియొకటి. నేడు మనము ప్రతి రబీలోను ఎదుర్కొను సమస్య ఆరువందల యేండ్ల కిందటనే రాతిపై చెక్కబడి ఉన్నది.

మీ చెరువులో నీరెంత?

ఇప్పుడు మీ ఊరి చెరువు లెక్క చూతము. దీనికి రెండే కొలతలు కావలెను. మొదటిది, నీరు పరచుకొన్న విస్తీర్ణము ఎకరాలలో. నిండు చెరువు విస్తీర్ణము గ్రామ పటములోను, రెవెన్యూ లెక్కలలోను దొరకును. రెండవది, తూము గడప నుండి నీటి పై మట్టము వరకు గల లోతు. తూము గడపకు దిగువ గల నీరు పొలానికి పారదు గనుక దానిని లెక్కలోనికి తీసికొనరాదు.

చెరువు కట్ట వద్ద లోతుగా ఉండి, ఎగువకు, పక్కలకు పోను పోను పలచబడును. అందుచేత సగటు లోతు తూము వద్ద గల లోతులో సుమారు మూడవ వంతు ఉండును. విస్తీర్ణమును ఈ సగటు లోతుతో గుణించినచో నీటి పరిమాణము ఎకరపు అడుగులలో వచ్చును.

ఉదాహరణకు నిండినప్పుడు 100 ఎకరాల మేర పరచుకొని, తూము వద్ద 12 అడుగుల లోతు గల చెరువును తీసికొందము. సగటు లోతు 4 అడుగులు. నీరు 400 ఎకరపు అడుగులు.

ఇదే చెరువులో డిసెంబరు నాటికి తూము వద్ద లోతు 6 అడుగులు ఉన్నదనుకొందము. చాలమంది "సగము చెరువు ఉన్నది" అందురు. లోతు సగమైనప్పుడు ఇట్టి చెరువులో నీటి పొడవు సగమగును, వెడల్పు సగమగును. కనుక 100 ఎకరాల విస్తీర్ణము 25 ఎకరాలకు తగ్గును. సగటు లోతు 2 అడుగులు. నీరు 50 ఎకరపు అడుగులు. సగము లోతున ఉన్నది సగము నీరు కాదు, ఎనిమిదవ వంతు నీరు. పక్కలు నిటారుగా ఉండి ఒక్క ఎగువ వైపుననే వాలు గల చెరువులలో ఇది నాలుగవ వంతు వరకు ఉండవచ్చును. అంతకు మించదు.

ఎన్ని ఎకరాలు నాటవచ్చును?

డిసెంబరు నుండి మార్చి చివర వరకు నాలుగు నెలలలో సుమారు 2 అడుగుల నీరు ఆవిరియై పోవును. నీరు తగ్గుకొలది విస్తీర్ణము కూడ తగ్గును గనుక నిండు చెరువులో సగటున 60 ఎకరాలపై ఈ నష్టమును లెక్కింపవచ్చును. అది 120 ఎకరపు అడుగులు. మిగిలినది 280. కాలువలలో ఇంకి, తెగి పోవునది నాలుగవ వంతు తీసివేసినచో పొలానికి చేరునది 210 ఎకరపు అడుగులు.

ఈ 210 ఎకరపు అడుగులతో వరి వేసినచో 52 ఎకరాలు పండించవచ్చును. వేరుశనగ గాని మొక్కజొన్న గాని వేసినచో 105 ఎకరాలు పండించవచ్చును. సుమారు ఒక అడుగు నీటితో సరిపెట్టుకొను మినుము, పెసర వంటి అపరాలైనచో 200 ఎకరాలకు చాలును.

ఇక సగము లోతున ఉన్న చెరువును చూడుడు. 50 ఎకరపు అడుగులలో ఆవిరికి 30 పోవును. మిగిలిన 20లో కాలువ నష్టము 5 తీసివేయగా చేరునది 15. వరి నాలుగు ఎకరాలకు కూడ చాలదు. ఈ చెరువును చూచి పాతిక ఎకరాలు నాటినచో నారు, దుక్కి, ఎరువు, కూలి ఖర్చులన్నియు పెట్టిన తరువాత ఫిబ్రవరిలో నీరు ఆగిపోవును. పొట్ట దశలో ఒక తడి తప్పినచో దిగుబడి ఎంత పడిపోవునో మీకు చెప్పనక్కరలేదు. ఈ స్థితిలో వరి మాట విడిచి, ఏడెనిమిది ఎకరాలలో ఆరుతడి పైరు గాని, పదునైదు ఎకరాలలో మినుము, పెసర గాని వేసికొనుట క్షేమము. పశువులు తాగు నీటిని ముందుగా మినహాయించుకొనవలెను. ఊరి బావులలో ఊట నిలుచుటకు కూడ చెరువులో కొంత నీరుండుట అవసరము.

ఈ అంకెలు ఒక ఉదాహరణకు మాత్రమే. నల్లరేగడిలో నీరు ఇంకుట తక్కువ, చల్క నేలలో ఎక్కువ. మీ చెరువు కొలతలను వేసి మీ నేలకు తగినట్లు లెక్క కట్టుకొనవలెను.

అలుగుపై ఒక అడుగు

నీరు పై అడుగులలోనే ఎక్కువగా ఉండునని చెప్పితిమి. పైన చూపిన చెరువులో 12 అడుగుల మీద ఇంకొక అడుగు నిలిపినచో నీరు నాలుగవ వంతుకు పైగా పెరుగును. ఈ ఆశతోనే కొన్ని ఊళ్ళలో అలుగుపై మట్టి బస్తాలు వేసి మత్తడి దూకకుండ ఆపుచుందురు. ఇది మిక్కిలి ప్రమాదకరము. నీటి మట్టమునకు పైన కట్ట కొంత ఎత్తు మిగిలి ఉండునట్లు కట్టుట వరద రోజున అలలు, అదనపు నీరు కట్ట దాటకుండుటకే. ఆ ఎత్తును నీటితో నింపివేసినచో ఒక్క రాత్రి కుండపోత వానకు కట్ట తెగును. చెరువు తెగినచో ఆ యేటి నీరు మాత్రమే గాక దిగువ పొలాలు, దిగువ చెరువులు కూడ పోవును. నీరు పెంచదలచినచో ఇంజనీర్ల సలహాతో కట్టను, అలుగును రెండింటిని బలపరచిన పిమ్మటనే పెంచవలెను.

ఉన్న కట్టడములను కనిపెట్టి ఉండుట కూడ అంతే ముఖ్యము. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర జలాశయము 19వ గేటు కొట్టుకొనిపోగా, నిండిన జలాశయములోని విలువైన నీరు నదిలోనికి పోయినది. పెద్ద జలాశయములో గేటు ఎట్టిదో ఊరి చెరువులో తూము తలుపు అట్టిదే. తలుపు కింద నుండి కారు సన్నని ధార రాత్రింబవళ్ళు కారినచో నెల తిరుగునప్పటికి ఎకరాల నీరు పోవును.

పూడిక తీయుట: మూడు జాగ్రత్తలు

పూడిక తీయుట మంచిదే గాని లెక్క తెలిసి తీయవలెను. 20 ఎకరాలలో ఒక అడుగు మట్టి తీసినచో 20 ఎకరపు అడుగుల చోటు ఏర్పడును. అది అయిదు ఎకరాల వరికి చాలును. ఆ మట్టి 8,71,200 ఘనపుటడుగులు. ట్రాక్టరు ట్రక్కు 100 ఘనపుటడుగులు మోయుననుకొన్నచో 8,700 ట్రక్కులకు పైగా తోలవలెను. పని ఎంతటిదో దీనిని బట్టి ఊహింపవచ్చును.

మొదటి జాగ్రత్త, తూము గడపకు దిగువగా లోతు తవ్వినచో అందు నిలుచు నీరు ఆయకట్టుకు పారదు. అది పశువులకు, బావుల ఊటకు మాత్రమే ఉపయోగపడును. పొలము నీరు పెరుగవలెనన్నచో గడపకు పైనున్న మేటలను తీయవలెను. రెండవది, కట్ట పాదమునకు దగ్గరగా తవ్వరాదు. తవ్వినచో కట్ట కుంగును, ఊట పుట్టును. మూడవది, తీసిన ఒండ్రును పరీక్ష చేయించి తగిన పొలానికి తోలవలెను. మెత్తని చెరువు మట్టి ఎర్ర చల్క నేలలకు, ఇసుక నేలలకు తేమ పట్టు గుణమునిచ్చును. నల్లరేగడికి దానితో పని లేదు. చవుడు గల మట్టిని ఏ పొలానికి తోలరాదు.

తీసిన పూడిక మరల రాకుండ చేయుట అంతకంటె ముఖ్యము. ఎగువ మెట్ట పొలాలలో వాలుకు అడ్డముగా దున్ని గట్లు వేసికొన్నచో పొలములోని సారవంతమైన మట్టి పొలములోనే ఉండును, చెరువులో మేట పడదు. ఎగువ రైతుకు అది ఎరువు, దిగువ రైతుకు అది నీరు. శిఖము భూముల ఆక్రమణలను, చెరువుకు నీరు తెచ్చు వాగుల పూడికను వానలకు ముందే తొలగించవలెను.

గ్రామాధికారులు చేయదగిన పని

ప్రతి చెరువు తూము వద్ద అడుగులు, అంగుళాలు గుర్తించిన కొలత రాయి నిలుపుట మొదటి పని. అలుగు పారిన నాడు, డిసెంబరు మొదటి వారములోను, పిమ్మట పదునైదు రోజులకొకమారు మట్టము చూచి పుస్తకములో వ్రాయవలెను. ఈ పనిని నీరుకట్టు లేక నీరటి చేత చేయింపవచ్చును. రెండు మూడేండ్ల లెక్క చేతికి వచ్చినచో ఏ మట్టమునకు ఎన్ని ఎకరాలు పండునో ఆ ఊరికే ఒక పట్టిక తయారగును. ఇట్టి పట్టిక ఏ కార్యాలయములోను దొరకదు.

రబీ నారు పోయుటకు ముందే ఆయకట్టు రైతులను సమావేశపరచి, లెక్కను అందరి ఎదుట చదివి, ఏ తూము కింద ఎన్ని ఎకరాలు, ఏ పైరు అన్న నిర్ణయము చేయవలెను. నీటి వినియోగదారుల సంఘములున్న చోట ఈ బాధ్యత వారిది. కొద్ది మంది ముందుగా నాటివేసిన పిమ్మట లెక్క చెప్పినచో తగవులు పెరుగును గాని నీరు పెరుగదు. చివరి మడి రైతుకు నీరు చేరునట్లు ఎకరాలను నిర్ణయించుట న్యాయము. నీరు తక్కువైన యేడు అందరికి కొంత కొంతగా ఆరుతడి పైర్లు పంచుకొనుట ఉత్తమము.

రైతు సోదరులారా, సాగరు నిల్వను కొలుచుటకు ఇంజనీర్లున్నారు. మీ చెరువును కొలుచుటకు మీరే ఉన్నారు. ఈ రబీలో నారు పోయుటకు ముందు ఒక్క పూట తూము వద్దకు పోయి లోతు చూడుడు. ఆ లోతును మూడుతో భాగించి విస్తీర్ణముతో గుణించుడు. ఆవిరికి, కాలువ నష్టమునకు, పశువులకు తీసివేయుడు. మిగిలిన నీటికి తగినంతే నాటుడు. లెక్కలో సందేహము కలిగినచో మీ మండల వ్యవసాయాధికారిని సంప్రదించినచో కట్ట వద్దకే వచ్చి సహాయము చేయగలరు.